బల్ల మీద గొర్రెపిల్ల

మొన్న ఆదివారం చర్చిలో, యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె తీసుకునే ప్రభువు బల్ల దగ్గర వరుసలో నిలబడితే, నా వెనక ఇద్దరు ఎవరిదో పెళ్లి భోజనాల సంగతి మాట్లాడుకుంటున్నారు. రొట్టె చేతికి వచ్చేదాకా ఆ ముచ్చట ఆగలేదు. ఇంటికొచ్చినా మనసు కుదుటపడక, నేనెప్పుడూ చూసుకునే బొమ్మ తెరిచాను.

స్పెయిన్ చిత్రకారుడు సుర్బరాన్ 1635–40 మధ్య వేసిన 'అగ్నుస్ దేయి', అంటే దేవుని గొర్రెపిల్ల. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. అడ్డం 62 సెంటీమీటర్లే. బరోక్ అనే ఆ కాలపు ఆడంబర శైలి భక్తి చిత్రాల్లో మేఘాలు, దూతలు, ధగధగలు ఎన్నో చూస్తాం. ఇందులో వెనకంతా చీకటి, ముందు బూడిద రంగు బల్ల, దాని మీద నాలుగు కాళ్లూ కలిపి కట్టిన మెరినో జాతి గొర్రెపిల్ల. అంతే. అమెరికాలోని శాన్ డియాగోలో ఉన్న మరో ప్రతిలో తల చుట్టూ సన్నని వెలుగు వలయం గీశాడు. ఇందులో అదీ లేదు, అందుకే నాకిది ఎక్కువ ఇష్టం. కొమ్ములు వచ్చాయి గానీ ఇంకా ఏడాది లోపు పిల్లే. పస్కా పండుగకు ఏడాది లోపు గొర్రెపిల్లను బలి ఇవ్వాలన్న పాత నిబంధన నియమం తెలిసినవాళ్లకు ఆ గుర్తు చాలు.

నా చూపు మాత్రం ఆ తాడు దగ్గరే ఆగిపోతుంది. మా తాతయ్య జీవాలు పెంచేవాడు. మేక కాళ్లు కడితే వీధంతా వినబడేలా అరుస్తుంది. గొర్రె కాసేపు గింజుకొని, తల నేలకానించి, కళ్లు సగం మూసి ఊరుకుంటుంది. వధకు తేబడే గొర్రెపిల్లలా "అతడు నోరు తెరువలేదు" అని బైబిల్లో యెషయా గ్రంథం 53వ అధ్యాయం సండే స్కూల్లో బట్టీ పట్టాను గానీ, అర్థం మా దొడ్లో తెలిసింది. ఈ బొమ్మలోనూ అదే తల, అవే కళ్లు. ఇంకా ప్రాణం ఉంది.

అయితే గొర్రెకు తనకేం జరగబోతుందో తెలియదు. దేవుని గొర్రెపిల్ల అని మనం పిలిచే యేసుకు తెలుసు. తన ప్రాణం గురించి "నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అని ముందే చెప్పినవాడు. ఆ రాత్రి తోటలో, తనను పట్టుకోవడానికి వచ్చిన ప్రధానయాజకుని దాసుడు మల్కు తెగిన చెవి ముట్టి బాగుచేశాడు. తర్వాత ఆ చేతులనే కట్టారు, కట్టనిచ్చాడు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

అన్నయ్యలారా, అక్కలారా, ఈసారి బల్లకు వచ్చేముందు ఇంట్లో యెషయా 53 ఒక్కసారి చదువుకోండి. పిల్లలకు ఈ బొమ్మ చూపించి, ఆ తాడు ఎందుకో మీరే చెప్పండి. "ప్రభువు శరీరమని వివేచింపక" ఈ రొట్టె తినేవాళ్ల గురించి అపొస్తలుడైన పౌలు ఎంత గట్టిగా రాశాడో మనకు తెలుసు కదా. వరుసలో నిలబడ్డాక మాటలు మానేయండి. ఆ కాస్సేపైనా బల్ల వైపు చూడండి.