సగానికి చిక్కిన వరి వేళ్లు

నిన్న రాత్రి ఆఖరి ఫైలు కొలతలు సరిచేశాను. మూడు వారాలుగా ఇదే పని. వేళ్ల లోపలి నిర్మాణాన్ని ఫొటోలు తీసి కొలిచేవాళ్లు ఎవరైనా ఉంటే, నాకు జరిగింది వాళ్లకు జరగకూడదని వెంటనే రాస్తున్నాను.

నా పీహెచ్‌డీలో ఒక భాగం ఇది. సాంబ మసూరి (బీపీటీ 5204), సహభాగి ధాన్ అనే వరి రకాలను కుండీల్లో పెంచాను. సగం కుండీల్లో నీరు నిలిపాను, మిగతా సగానికి ఆరుతడి. నలభయ్యో రోజున వేళ్లు కడిగి, అడ్డంగా పలుచగా కోసి, సూక్ష్మదర్శిని కింద ఫొటో తీసి కొలవాలి. మొత్తం 72 వేళ్లు, ఒక్కో పద్ధతికి 36. నాకు కావలసినవి ముఖ్యంగా రెండు. వల్కలంలో, అంటే వేరు పైపొరకూ మధ్యనున్న నాళాలకూ నడుమ ఉండే భాగంలో, గాలి గదులు, పుస్తకాల్లో వాయుగత మృదుకణజాలం అనేవి, ఎంత మేర ఉన్నాయి? నీటిని పైకి మోసే అంత్యదారు నాళాల అడ్డుకొలత ఎంత? నీరు నిలిచిన మడిలో వేరుకు గాలి అందదు. అప్పుడు వల్కలంలో కొన్ని కణాలు చనిపోయి ఖాళీలు ఏర్పడతాయి, ఆకుల నుంచి ఆక్సిజన్ ఆ దారిన కిందికి దిగుతుంది. వరి నీళ్లలో నిలబడుతున్నదంటే ఈ గదుల పుణ్యమే.

కోత గురించి ఎక్కువ చెప్పను, అది నాకు చేతనైన పని. క్యారట్ ముక్కలో గాటు పెట్టి, వేరును అందులో నిలబెట్టి, కొత్త బ్లేడును సగానికి విరిచి కోస్తాను. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు లేజరుతో వేరును పొరపొరగా కాలుస్తూ, తెరుచుకున్న ప్రతి ముఖాన్నీ కెమెరాతో తీసే యంత్రం తయారుచేశారు. అది మాకు లేదు. కానీ నా బ్లేడు సెక్షన్లలో అంతశ్చర్మం (వల్కలం లోపలి అంచున ఉండే ఒంటి వరుస) కణాలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు, ఆ మాట ధైర్యంగా చెబుతాను. అన్ని వేళ్లనూ కొస నుంచి ఒకే దూరంలో కోయడం మరచిపోవద్దు. నేను 5 సెంటీమీటర్ల దగ్గర కోశాను. కొస దగ్గర గాలి గదులు ఇంకా ఏర్పడి ఉండవు, పైకి పోయేకొద్దీ పెరుగుతాయి. దూరం మారితే పోలికకు అర్థం లేదు.

రంగు వేయడం ఒక్క పూట పని. టొల్యూడిన్ బ్లూలో ఒక నిమిషం ఉంచి కడిగితే, లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉన్న కణాల గోడలు నీలి ఆకుపచ్చగా, మిగతావి ఊదాగా తేలాయి. అంతశ్చర్మం కణాల గోడల్లో నీటిని అడ్డుకునే కాస్పేరియన్ పట్టీల కోసం కొన్నింటిని బెర్బెరిన్‌లో గంట, అనిలిన్ బ్లూలో అరగంట ఉంచాను. చీకటి గదిలో అవి వెలుగుతుంటే చూసిన ఆనందం ఇంకా కళ్లలోనే ఉంది.

ఫొటోలు ఉమ్మడి పరికరాల గదిలో తీశాను. అది ఏ సంస్థదో చెప్పను. మనిషికి రెండు గంటల సమయం ఇస్తారు, ఆలస్యమైతే తర్వాతివాళ్లు తలుపు కొడతారు. మొదటి రోజు 10 రెట్ల కటకం కింద స్టేజ్ మైక్రోమీటర్ పెట్టి ఫొటో తీశాను. అది గాజు పలకపై ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసి గీసిన కొలబద్ద. ఒక మిల్లీమీటరుకు 1620 పిక్సెళ్లు వచ్చాయి. కొలతలకు ఫిజీ వాడాను. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో వేన్ రాస్‌బాండ్ రాసిన ఇమేజ్‌జే మీద కట్టిన ఉచిత ప్రోగ్రామ్ అది. అందులో పిక్సెళ్లను మిల్లీమీటర్లుగా మార్చే సెట్ స్కేల్ తెరిచి ఆ అంకె ఇచ్చి, కింద ఉన్న ‘గ్లోబల్’ గడిలో టిక్ పెట్టాను. అది పెడితే తర్వాత తెరిచే ప్రతి ఫొటోకూ అదే స్కేలు వర్తిస్తుంది. ప్రతిసారీ కొట్టే శ్రమ తప్పిందనుకున్నాను.

కొలతలు అయ్యాయి, సెమినార్ వచ్చింది. నీరు నిలిచిన కుండీల్లో నాళం అడ్డుకొలత సగటున 46 మైక్రోమీటర్లు, ఆరుతడిలో 21. సన్నని గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఆరుతడి వేరులో ఒక్కో నాళం నీటిని మోసే శక్తి ఇరవై మూడో వంతుకు పడిపోయిందని పెద్ద అక్షరాలతో తెర మీద పెట్టాను. ఇంత పెద్ద ఫలితం మా విభాగంలో ఈ మధ్య ఎవరికీ రాలేదని లోలోపల గర్వపడ్డాను కూడా.

బయటి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసర్ ఒకరు నెమ్మదిగా అడిగారు. “వేరు మొత్తం అడ్డుకొలత ఎంతమ్మా?” పట్టిక చూసి చదివాను. నీటిలో 0.98 మిల్లీమీటరు, ఆరుతడిలో 0.46. ఆయన కాసేపు ఆగి, “వేళ్లను కోసిన నీ వేళ్లకు ఆ తేడా తెలియలేదా?” అన్నారు.

హాలు నిశ్శబ్దమైపోయింది. నవ్వినా బాగుండేది. నేను నారుమడిలో పెరిగిన మనిషిని. చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన నిలబడి నారు పీకిన చేతులివి. సగానికి సన్నబడిన వేరు వేళ్ల మధ్య పడితే నాకు తెలియకుండా ఉంటుందా? ఆ 36 వేళ్లనూ నేనే పట్టుకుని కోశాను. చేతికి తెలిసినదాన్ని పక్కన పెట్టి తెర మీది అంకెను నమ్మాను. మిగతా స్లైడ్లు ఎలా చూపించానో గుర్తు లేదు.

ఆ రాత్రి ప్రతి ఫైలూ తెరిచి పరిమాణం చూశాను. నీటి కుండీల ఫొటోలు 2592 × 1944 పిక్సెళ్లు. ఆరుతడివి 1296 × 972. మధ్యలో ఎవరో తెర మీద బొమ్మ వేగంగా కదలడం కోసం కెమెరాను పొడవులోనూ వెడల్పులోనూ సగం పిక్సెళ్లకు తగ్గించి, అలాగే వదిలేశారు. నా స్కేలు మాత్రం గ్లోబల్‌గా పాతదే. పొడవులన్నీ సగమయ్యాయి, వైశాల్యాలు నాలుగో వంతు అయ్యాయి. ఆ గది రిజిస్టరులో పేరు, సంతకం, వచ్చిన సమయం, పోయిన సమయం, చివరికి చెప్పులు బయట విడిచారా అన్నదానికి కూడా గడి ఉంది. కెమెరా సెట్టింగుకు లేదు. అడిగితే “మీరు చూసుకోవాలి కదా” అన్నారు. చూసుకోవాలి, నిజమే. కానీ పరికరం చేతిలో ఉన్నవాళ్లకు మార్పు చెప్పే బాధ్యత లేదంటే నేను ఒప్పుకోను.

మా గైడ్ గారు మొత్తం పారేసి మళ్లీ చేయమన్నారు. అక్కడ మాత్రం నేను తగ్గలేదు. గాలి గదుల వైశాల్యాన్ని నేను వల్కలం వైశాల్యంలో శాతంగా లెక్కించాను. రెండూ ఒకే ఫొటోలోవి, రెండూ ఒకేలా తగ్గాయి కాబట్టి శాతం చెక్కుచెదరలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆయన రెండుసార్లు చూసి, “ఇది ఉంచు” అన్నారు. అందుకే చెబుతున్నాను, వైశాల్యం రాసే ప్రతిచోటా నిష్పత్తి కూడా రాసి పెట్టుకోండి.

సగం పిక్సెళ్ల ఫొటోలకు 810తో స్కేలు మార్చి మళ్లీ కొలిచాను. ఆరుతడి నాళం 42 మైక్రోమీటర్లు అయింది. 46 నుంచి 42. మోసే శక్తిలో తగ్గుదల సుమారు 30 శాతం. వేరు అడ్డుకొలత 0.92. ఇది నా చేతులకు తెలిసిన వేరే.

ఇక్కడితో అయిపోలేదు. ఆ కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు. చివరి రోజు ఫొటోలను అక్కడి ఉద్యోగి, నా పని తేలిక చేద్దామని, అంచులు కత్తిరించి, వేరు పెద్దగా కనిపించేలా సాగదీసి ఫోనులో పంపాడు. అసలు ఫైళ్లు నెలాఖరుకు తుడిచేశారు. ఒక్కో ఫొటోను ఎంత సాగదీశాడో తెలుసుకునే దారి లేదు. ఆరుతడి వేళ్లలో 14 అలా పోయాయి. 42 అన్న సగటు మిగిలిన 22 వేళ్లది. మంచితనంతో చేసిన పనే, కానీ కొలవాల్సిన ఫొటోను ఎవరూ అందంగా చేయకూడదు. కెమెరా ఇచ్చిన అసలు ఫొటోను, అంటే టిఫ్ ఫైలును, ఉన్నదున్నట్టు తెచ్చుకోండి. కుదరకపోతే తెచ్చుకునే వీలు దొరికే దాకా అక్కడి నుంచి కదలకండి. గది తెరిచిన ప్రతిరోజూ, వేరు కంటే ముందు మైక్రోమీటర్‌ను ఫొటో తీయండి. గ్లోబల్ గడి జోలికి వెళ్లకండి.

వచ్చే నెల మళ్లీ సెమినార్ అడిగాను, పది నిమిషాలు ఇచ్చారు. ఆ ప్రొఫెసర్ గారు కూడా వస్తానన్నారు. ఆ 14 వేళ్ల కోసం ఈ ఉదయం విత్తనాలు నానబోశాను.