కంటి కోసం చేయి మార్చుకున్నాను

కుడిచేత్తో రాసే, కుడిచేత్తో అన్నం కలిపే నేను ఏడాదికి పైగా ఎడమచేతి వాటంగా బాణం వేస్తున్నాను. అంటే విల్లు కుడిచేతిలో ఉంటుంది, తాడును ఎడమచేతి వేళ్లు లాగుతాయి. ఈ మార్పుకు కారణం చేతిలో లోపం కాదు. గురి చూసే పనిని నా రెండు కళ్లలో ఎడమ కన్ను తన మీద వేసుకోవడమే. ఇదే ఇబ్బందితో చేయి మార్చాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవారికి పనికొస్తుందేమోనని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది విజయవాడ. ఇక్కడ ఆర్చరీ కొత్త ఆటేమీ కాదు. అయినా 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచి, బొమ్మదేవర ధీరజ్ ఉన్న రికర్వ్ (కొసలు ముందుకు వంగి ఉండే విల్లు) జట్టు రజతం తెచ్చాక, పిల్లలను మైదానంలో దింపడానికి వచ్చే తల్లిదండ్రుల్లో కూడా కొందరికి విల్లు పట్టాలన్న కోరిక పుట్టింది. నేనూ ఆ కోవకు చెందినదాన్నే. చేరిన రోజు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఏ చేత్తో రాస్తారు? కుడి అనగానే కుడిచేతి వాటం రికర్వ్ విల్లు నా చేతికి వచ్చింది.

సైట్ (విల్లుకు బిగించే గురి పరికరం) లేకుండా ఐదారు మీటర్ల నుంచి ఖాళీ బట్ (బాణాలు దిగే దిమ్మె) మీదికి బాణాలు వేసినంత కాలం ఏ తేడా తెలియలేదు. సైట్ బిగించి, 18 మీటర్ల దూరంలో 40 సెంటీమీటర్ల ఫేస్ (రంగు వలయాల కాగితం) పెట్టాక చిక్కు మొదలైంది. కొన్ని బాణాలు పసుపు, ఎరుపు వలయాల్లో పొందికగా పడేవి. మిగిలినవి ఫేస్ సంగతి అటుంచి, బట్‌నే తప్పించుకుని ఎడమ పక్కగా వెళ్లి వెనుక కట్టిన వలలో చిక్కుకునేవి. ఈ రెంటికీ నడుమ ఒక్కటీ పడేది కాదు. చేతిలో తప్పుంటే బాణాలు అటూ ఇటూ చెదురుతాయి గాని, ఇలా రెండు చోట్లకు చీలిపోవు. కోచ్ సార్ మాత్రం ముందు నా గ్రిప్ సరిచేశారు, తరువాత మోచేయి ఎత్తించారు, ఆపైన రిలీజ్‌ను, అంటే తాడు వదిలే తీరును అనుమానించారు, చివరికి బాణం పక్కగా ఆనే ప్లంజర్ స్ప్రింగ్ కూడా సర్ది చూశారు.

అసలు సంగతిని పసిగట్టింది సెలవులకు ఇంటికి వచ్చి మా పక్కనే సాధన చేసుకుంటున్న ఒక సీనియర్ అమ్మాయి. తాడు గడ్డానికి ఆనగానే నా తల మెల్లగా తాడు మీదికి వాలుతోందని, ముక్కు తాడును దాటిపోతోందని ఆమె గమనించింది. "ఆంటీ, విల్లు కింద పెట్టి రెండు చేతులూ ముందుకు చాపండి" అంది. అరచేతులను ఒకదాని మీద ఒకటి చేర్చి, బొటనవేళ్ల దగ్గర చిన్న త్రికోణపు సందు వదిలి, రెండు కళ్లూ తెరిచి ఆ సందులోంచి దూరంగా ఉన్న స్తంభం మీది బల్బును చూడమంది. తరువాత ఒక్కో కన్ను మూయమంది. కుడి కన్ను మూసినప్పుడు బల్బు అక్కడే ఉంది. ఎడమ కన్ను మూసేసరికి మాయమై, దాని స్థానంలో నా బొటనవేలు మాత్రమే కనిపించింది. ఆ చేతులను అలాగే ముఖం మీదికి తెచ్చుకోమంటే, అవి తిన్నగా ఎడమ కంటి మీదికే వచ్చి ఆగాయి. ఇదంతా కలిపి అర నిమిషం పట్టలేదు. కొత్తవారికి విల్లు ఇచ్చే ముందు ఈ అర నిమిషం వెచ్చించే పద్ధతి ప్రతి మైదానంలోనూ ఉండాలని నా గట్టి అభిప్రాయం.

దీన్ని మైదానంలో అందరూ డామినెంట్ ఐ అంటారు. చూపు పదునుకూ దీనికీ సంబంధం లేదు. నా కళ్లద్దాల్లో ఎడమ వైపు పవరే ఎక్కువ, అయినా పెత్తనం మాత్రం దానిదే. మనుషుల్లో సుమారు మూడింట రెండు వంతుల మందికి కుడి కన్ను ముందుంటుందని చెబుతారు. మిగిలినవారిలో నాలాంటి కుడిచేతి వాటం వాళ్లు బోలెడంతమంది. ఇది బాణాన్ని అంత దూరం ఎలా తోసేస్తుందో కాగితం మీద లెక్క వేసుకుంటేగాని నాకు నమ్మకం కుదరలేదు. కుడిచేతి వాటంలో బాణం వెనుక కొస కుడి కంటి కింద ఉంటుంది, సైట్ పిన్ను కంటికి దాదాపు 90 సెంటీమీటర్ల ముందు ఉంటుంది. ఆ పిన్నును కుడి కన్ను గురికి చేర్చితే బాణమూ అటే చూస్తుంది. ఎడమ కన్ను చేర్చితే, రెండు కళ్ల మధ్య ఉన్న ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఎడం పిన్ను దాటిన తరువాత పెరుగుతూ పోయి, 18 మీటర్ల దగ్గర మీటరుకు పైగా ఎడమకు తేలుతుంది. నా బాణాలు వలలో ఎందుకు పడుతున్నాయో, రెంటికీ మధ్య ఎందుకు పడడం లేదో అప్పుడు బోధపడింది. దూరాన ఉన్న ఫేస్ మీద చూపు నిలిపితే ఎవరికైనా పిన్ను రెండుగా కనిపిస్తుంది; ఒకటి గట్టిగా, ఒకటి పలుచగా. ఒక్కో బాణానికి నేను ఒక్కో పిన్నును నమ్ముతున్నానన్నమాట.

చేయి మార్చడం ఒక్కటే దారి కాదు. ఎడమ కన్ను మూసుకుని వేయవచ్చు, దాని మీద ప్యాచ్ కట్టుకోవచ్చు, కళ్లద్దాల్లో ఆ వైపు అద్దాన్ని టేపుతో పూర్తిగా కప్పేయవచ్చు. అంతర్జాతీయ పోటీ నిబంధనలు కూడా వీటిని ఒప్పుకుంటాయి. కన్ను మూయడం మొదట బాగానే అనిపించింది గాని, బాణం తరువాత బాణానికి చెంప కండరం బిగిసి, ఆ బిగువు దవడకు, దవడ నుంచి మెడకు దిగేది. 72 బాణాలు వేయాల్సిన రౌండులో అది నడిచే పని కాదు. టేపు అంతకంటే నయం. కాని కళ్లద్దాలకు ఒక వైపు టేపు వేసుకుని నేల మీది బాణాలు వెతకడం, బట్ దాకా నడిచి రావడం నాకు చికాకుగా ఉండేది. కప్పీలు ఉండే కాంపౌండ్ విల్లుకు మారిపొమ్మని కూడా కొందరు సలహా ఇచ్చారు. సురేఖ వాడే రకం విల్లు అదే. దాని తాడులో పీప్ అనే చిన్న రంధ్రం ఉంటుంది, ఆ రంధ్రం ముందున్న కన్నే గురి చూడాలి కాబట్టి ఈ తగాదా చాలావరకు తీరిపోతుంది. కాని నాకు ఇష్టమైనది రికర్వ్. పైగా నేను ఆటలో ఇంకా మొదట్లోనే ఉన్నాను, వదులుకోవడానికి గొప్ప స్కోర్లేమీ లేవు. అందుకే చేయి మార్చడానికి నిశ్చయించుకున్నాను. పదేళ్లుగా 70 మీటర్లు వేస్తున్నవారికైతే నేను కూడా ముందు టేపునే సూచిస్తాను.

సామాను విషయం అనుకున్నంత భారం కాలేదు. రైజర్ (విల్లు నడిమి పిడి భాగం) మాత్రం ఎడమచేతి వాటానిది వేరే కొనాలి. దుకాణంలో ఉన్నవన్నీ కుడిచేతివి కావడంతో ఆర్డర్ ఇచ్చి ఎదురుచూడవలసి వచ్చింది. వేళ్లకు తొడుక్కునే ట్యాబ్, బాణం ఆనే రెస్ట్ కూడా మార్చాను. లింబ్స్ (రైజర్‌కు పైనా కిందా బిగించే, వంగే రెక్కలు) ఏ చేతికైనా ఒకటే, బాణాలూ ప్లంజరూ పాతవే పనికొచ్చాయి, నా సైట్ తిప్పి బిగించుకునే రకం. ఒక్క ట్యూనింగ్ అంతా తిరగబడుతుంది: వెనుక నుంచి చూసినప్పుడు బాణపు మొన తాడుకు రవ్వంత ఎడమన ఉండవలసింది ఇప్పుడు రవ్వంత కుడిన ఉండాలి. పాత రైజర్‌ను కొత్తగా చేరిన ఒక డిగ్రీ విద్యార్థి కొనుక్కున్నాడు.

రైజర్ వచ్చేలోపు రబ్బరు బ్యాండుతో ఇంట్లో అద్దం ముందు నిలబడి లాగడం అలవాటు చేసుకున్నాను. విల్లు అందాక 18 పౌండ్ల (తాడు లాగడానికి పట్టే బలం) లింబ్స్ అద్దెకు తీసుకున్నాను; అంతకుముందు కుడిచేత్తో లాగుతున్నవి 28 పౌండ్లవి. ఎడమచేతికి బలం చాలదని మాత్రమే నేను భయపడ్డాను. తీరా చూస్తే కష్టమంతా కుడిచేతితోనే వచ్చింది. ఏళ్ల తరబడి అన్ని పనులూ చేసిన చేయి అది, ఊరికే ఉండడం దానికి తెలియదు. నిండు బకెట్ పట్టుకున్నట్టు విల్లును బిగించి పట్టేది, తాడు వదిలే క్షణంలో ఇంకా బిగించేది, దాంతో విల్లు మెలి తిరిగేది. బొటనవేలి మొదట ఉండే కండ మీద మాత్రమే భారం ఆనించి, వేళ్లు వదులుగా వేలాడేసి, విల్లు కింద పడకుండా వేళ్లకు స్లింగ్ కట్టుకుని వేస్తే తప్ప ఆ పట్టు సడలలేదు. పైగా కుడి మోచేతిని బయటికి తిప్పి నిలపడం రాక ముంజేతి మీద తాడు చరిచేది. ఆర్మ్‌గార్డ్ దాటిన చోట కమిలిన మచ్చ చూసి ఆఫీసులో అడగనివారు లేరు.

ఎడమచేతి సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. దానికి ఏమీ రాదు, కాబట్టి చెడ్డ అలవాట్లూ లేవు. కుడిచేత్తో నేను తాడును వేళ్లతో మీటినట్టు లాగి వదిలేదాన్ని. ఎడమచేతి వేళ్లకు ఆ విద్య తెలియక, చెప్పినట్టే మెత్తగా సడలేవి. ఉంగరపు వేలు మాత్రం బద్ధకించి తాడు మీద నుంచి జారిపోయేది, దాని బరువంతా మధ్యవేలి మీద పడి కాయ కాసింది. కోచ్ సార్ ఫేస్ తీసేయించి, మూడు నాలుగు మీటర్ల నుంచి ఖాళీ బట్ మీదికి కళ్లు మూసుకుని వేయించారు. గురి లేదు, స్కోరు లేదు, తాడు గడ్డానికి ఆనే చోటు, భుజపు రెక్కలు దగ్గరయ్యే తీరు, అంతే. విసుగు పుట్టించే పని అది, కాని చేయి మార్చేవారు దీన్ని ఎంత ఓపికగా సాగదీస్తే అంత మంచిది. ఆ రోజుల్లో పాత విల్లును ముట్టనే కూడదని ఆయన పెట్టిన షరతు కూడా సరైనదే. ఒక పూట కుడి, ఒక పూట ఎడమ అయితే శరీరం ఏదీ నేర్చుకోదు. మైదానంలోని పిల్లలు నన్ను సవ్యసాచి ఆంటీ అని పిలవడం మొదలుపెట్టారు గాని, నిజానికి అర్జునుడిలా రెండు చేతులా వేసే యోగ్యత నాకు రాలేదు, కుడిచేతి ఫామ్ దాదాపు చెడిపోయింది.

మళ్లీ ఫేస్ పెట్టి 18 మీటర్ల దగ్గర సైట్‌తో నిలబడినప్పుడు రెండు కళ్లూ తెరిచే ఉంచాను. రెండు పిన్నుల్లో గట్టిగా కనిపించేదాన్నే నమ్మాను, బాణం అటే వెళ్లింది. తల తాడు మీదికి వాలడం దానంతట అదే ఆగిపోయింది. మొదట్లో గ్రూపు పెద్దదే, పై కింద చెదిరేది, కాని వలలోకి పోయే రెండో గ్రూపు మాత్రం మళ్లీ ఏర్పడలేదు.

చిన్నచిన్న చిక్కులు ఇప్పటికీ ఉన్నాయి. వరుసలో అందరూ ఒకవైపు తిరిగి నిలబడితే నేను ఎదురు తిరిగి నిలబడాలి. నా ఎడమ పక్కన ఉన్నవారితో ముఖాముఖి అవుతాను, కుడి పక్కన ఉన్నవారికి వీపు వీపు కలుస్తుంది, స్టెబిలైజర్లు (విల్లు ఊగకుండా బిగించే పొడవాటి కడ్డీలు) తగలకుండా ముందే చెప్పుకుని చోటు సర్దుకుంటాం. ముఖాముఖి నిలబడడంలో లాభమూ ఉంది, ఎదుటివారి ఫామ్‌ను అద్దంలో చూసినట్టు అనుకరించవచ్చు. సూచనలు మాత్రం గాభరా పెడతాయి: కోచ్ సార్ అలవాటుకొద్దీ "కుడి మోచేయి ఎత్తమ్మా" అంటే ఆయన ఉద్దేశం ఎడమదని గ్రహించడానికి ఒక క్షణం పడుతుంది. ఇప్పుడు పేర్లు మార్చేసుకున్నాం, విల్లు చేయి, తాడు చేయి అనే అంటారు.

ప్రస్తుతం 24 పౌండ్లతో 30 మీటర్ల దగ్గర వేస్తున్నాను. 50 మీటర్లకు వెళ్లాలంటే పాత 28 పౌండ్ల లింబ్స్‌ను మళ్లీ బయటికి తీయాలి, కాని సాధన చివరి బాణాలకు ఎడమ భుజం చెవి వైపు లేచిపోతున్నంత కాలం పౌండ్లు పెంచేది లేదని సార్ ఖరాఖండిగా చెప్పారు. అందుకని రోజూ బాణాల తరువాత రబ్బరు బ్యాండు, ఆ తరువాత విల్లు పూర్తిగా లాగి, వదలకుండా పట్టుకుని నిలబడడం చేస్తున్నాను.