కవరుకెక్కిన అక్షరాలు

మా జిరాక్స్ షాపు తహసీల్దారు కార్యాలయానికి ఎదురుగా ఉంటుంది. పద్నాలుగేళ్లుగా ఇదే పని. అక్షరాలు సరిగా పడలేదనే మాట చాలాసార్లు విన్నాను కానీ, "అక్షరాలు వెళ్లిపోయాయమ్మా" అని విన్నది మాత్రం రెండేళ్ల కిందట, ఒక మే నెలలోనే. ఒక పెద్దాయన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టారు. లోపలి కాగితాన్ని లాగితే చిరచిరమంటూ వచ్చింది. సగం వరుసల్లో బూడిదరంగు మరకలే మిగిలాయి. అక్షరాలు కవరు లోపలి వైపుకు అతుక్కుపోయాయి. అది పొలం దస్తావేజు నకలు. మూడు నెలల ముందు నేను తీసి ఇచ్చిందే. అసలు దస్తావేజు బ్యాంకు తాకట్టులో ఉంది, ఆయనకు నకలు ఆ సాయంత్రానికే కావాలి.

కవరును పైనుంచి చూస్తే అక్షరాలు తిన్నగానే కనిపిస్తున్నాయి. ఖాళీ కవరును మెషిన్ అద్దం మీద బోర్లించి, లోపల ఒక తెల్లకాగితం దూర్చి, బటన్ నొక్కాను. సర్వే నంబరుతో సహా వచ్చింది. "కాగితం కంటే కవరే నయమమ్మా" అన్నారాయన. నవ్వాను కానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటికి ఎన్ని వందల మందికి అలాంటి నకళ్లు ఇచ్చి ఉంటానో!

మొదట అనుమానించింది ఫ్యూజర్‌ను. పౌడరును కరిగించి కాగితానికి పట్టించే వేడి రోలర్ల భాగం అది. అది చల్లబడితే అక్షరాలు వేలికే అంటుకుంటాయి. మెకానిక్ వచ్చి లోపలి టెఫ్లాన్ పొర మార్చాడు, డబ్బు తీసుకున్నాడు. తర్వాత తీసిన కాపీని రబ్బరుతో రుద్దాను, మడిచి గోటితో గీశాను, సెలోటేపు అతికించి లాగాను. అక్షరం చెక్కుచెదరలేదు. అదే కాగితాన్ని అదే రకం కవరులో పెట్టి, పైన బరువు ఉంచి వారం ఆగితే మళ్లీ అతుక్కుంది. అంటే తప్పు వేడిది కాదు. ఖర్చు మాత్రం నాది.

మా తమ్ముడు హైదరాబాద్‌లో ఒక రంగుల కంపెనీలో రెజిన్లు తయారుచేసే విభాగంలో ఉన్నాడు. ఫోనులో విషయం చెబితే, "అక్కా, ఆ కవరు మెత్తగా ఉందా, వాసన వస్తోందా?" అని అడిగాడు. రెండూ నిజమే. అయితే అది పీవీసీ అనే ప్లాస్టిక్ అన్నాడు. పీవీసీ స్వతహాగా గట్టిది. దాన్ని మెత్తబరచడానికి థాలేట్ వంటి నూనెలు కలుపుతారు. ఆ నూనె కవరులో కదలకుండా ఉండదు, తాకిన వస్తువులోకి మెల్లగా పాకుతుంది. అక్షరాల పౌడరులోకి, అంటే టోనర్‌లోకి, పాకితే దాన్నీ మెత్తబరుస్తుంది. మెత్తబడిన అక్షరం కాగితాన్ని వదిలి కవరును పట్టుకుంటుంది.

అప్పటిదాకా టోనర్ అంటే నల్లపొడి అనే అనుకున్నాను. నిజానికి అందులో నలుపు కొంచెమే, ఎక్కువ పాలు రెజిన్, అంటే ప్లాస్టిక్. దానికి కొంత కార్బన్, కొంత మైనం, విద్యుదావేశాన్ని అదుపులో ఉంచే పదార్థం, పొడి గడ్డకట్టకుండా పైన సిలికా పూత. కొన్ని రకాలలో ఇనుప ఆక్సైడ్ కూడా గణనీయంగా ఉంటుంది. కార్బన్ ఎండకు వెలిసిపోదు కనుక నల్ల అక్షరం మాసిపోతుందన్న భయం లేదు. ఊడిపోతుందన్నదే భయం, పట్టు రెజిన్‌ది కాబట్టి. 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ తీసిన తొలి కాపీలో జిగురు పని చేసింది మైనపు కాగితం, పొడి కాదు. ఇప్పుడు ఆ బాధ్యతంతా పొడి మీదే పడింది.

రెజిన్‌తో చిక్కేమిటంటే, తేలిగ్గా కరిగేదైతే కాగితంలోకి బాగా దిగుతుంది కానీ వేసవిలో కారులో వదిలేసిన కట్టలో రెండు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. సాధారణంగా 60 డిగ్రీల చుట్టుపక్కలే ఇది మెత్తబడటం మొదలవుతుంది. గట్టి రెజిన్ వేస్తే ఆ బాధ తప్పుతుంది కానీ, కాగితం రోలర్ల మధ్య ఉండే రెప్పపాటులో సరిగా కరగదు. "మా రంగుల్లోనూ ఇదే గొడవ. రెండు రకాలూ కలిపి మధ్యేమార్గం వెతుకుతాం" అన్నాడు తమ్ముడు. కవరు నూనె విషయంలో మాత్రం స్టైరీన్-అక్రిలేట్ రకం రెజిన్ కంటే పాలియెస్టర్ రకం బాగా తట్టుకుంటుందని చెప్పి, డీలరు దగ్గర భద్రతా వివరాల పత్రం అడగమన్నాడు. రెజిన్ పేరు అందులో ఉంటుందట.

"పౌడరుకు కాగితం అడిగినవాళ్లు ఇంతవరకు లేరు మేడం" అన్నాడు డీలరు. నాలుగుసార్లు అడిగాక పంపాడు. నేను వాడుతున్న చవక పౌడరు స్టైరీన్-అక్రిలేట్. ధర ఎక్కువైన ఒకదానిలో పాలియెస్టర్ అని ఉంది.

మేడ మీద రేకుల గదిలో పరీక్ష పెట్టాను. ఒకే పేజీని రెండు పౌడర్లతో తీసి, కొన్ని పీవీసీ కవర్లలో, కొన్ని పాలీప్రొపిలిన్ అనే మరో రకం ప్లాస్టిక్ కవర్లలో ఉంచి, మీద ఇటుకలు పెట్టాను. పది రోజులకు చూస్తే, పీవీసీలోని చవక పౌడరు అక్షరాలు కవరుకెక్కాయి. అదే కవర్లలోని పాలియెస్టర్ అక్షరాలు కొద్దిగా మెరిశాయి తప్ప కదల్లేదు. పాలీప్రొపిలిన్‌లో రెండూ క్షేమం.

ఉత్సాహంగా పాత మెషిన్‌లో కొత్త పౌడరు నింపి భంగపడ్డాను. పేజీ అంతా పలచని నల్లటి మసక. పౌడరు పుచ్చుకునే విద్యుదావేశం మెషిన్‌కు తగ్గట్టు ఉండాలి. పైగా అడుగున మిగిలిన పాత పొడిని నేను పూర్తిగా దులపలేదు. కార్ట్రిడ్జ్ విప్పి శుభ్రం చేసేటప్పుడు చీర మీద పడిన పొడిని వేడినీళ్లతో కడిగి ఆ చీరనూ పోగొట్టుకున్నాను. వేడి తగిలితే అది నూలులోకి కరిగి దిగుతుంది, చన్నీళ్లే వాడాలి. చివరికి ఆ పౌడరు సరిపోయే మోడల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని, దస్తావేజులకే కేటాయించాను. వానాకాలంలో చెమ్మ పట్టిన కాగితం వేడినంతా తన నీటిని ఆవిరి చేయడానికే వాడుకుంటుంది. అప్పుడు మందపు కాగితం సెట్టింగులో పెట్టి, నిదానంగా తీస్తాను. క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు.

పీవీసీ కవర్లు అమ్మడం మానేశాను. కొత్త సరుకు వస్తే చిన్న ముక్క కత్తిరించి బకెట్ నీళ్లలో ముంచుతాను. తేలితే పాలీప్రొపిలిన్, మునిగితే వాపసు.

కిందటి నెల ఆ పెద్దాయన మళ్లీ వచ్చారు. కొత్త కాపీలు, కొత్త కవరు ఇచ్చాను. ఈసారి భద్రంగా ట్రంకుపెట్టెలో, కలరా ఉండలు వేసి దాస్తానన్నారు. కలరా ఉండల ఆవిరి స్టైరీన్ జాతి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుందని తమ్ముడు ఎప్పుడో అన్నాడు. ఆయనను కూర్చోబెట్టి, పాలియెస్టర్ సంగతేమిటని వాడికి ఫోను చేశాను. ఎత్తలేదు. "ప్రస్తుతానికి ఉండలు వద్దు బాబాయ్, వేపాకు వేయండి" అని పంపించాను.