చెయ్యి కాలినా ఓర్చుకోమన్నాడా కృష్ణుడు?

మాత్రాస్పర్శాస్తు కౌంతేయ శీతోష్ణసుఖదుఃఖదాః ।
ఆగమాపాయినోఽనిత్యాస్తాంస్తితిక్షస్వ భారత ॥

భగవద్గీత రెండో అధ్యాయంలో 14వ శ్లోకం ఇది. ఇంద్రియాలు విషయాలను, అంటే బయటి వస్తువులను, తాకినప్పుడు చలి, వేడి, సుఖం, దుఃఖం కలుగుతాయి. అవి వచ్చిపోయేవే, నిలిచేవి కావు, ఓర్చుకో అర్జునా అంటున్నాడు స్వామి. ఇది చదివిన చాలామందికి ఒక అనుమానం వస్తుంది. మరి కాలితే చెయ్యి లాక్కోవడం, దెబ్బ తగిలితే ‘అబ్బా’ అనడం ఓర్పు లేకపోవడమేనా?

కానే కాదు. వేడి గిన్నెకు వేలు తగిలిందనుకోండి. చర్మంలోని నాడుల కొసల్లో వేడిని పసిగట్టే గ్రాహకాలు ఉంటాయి. వేడి దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటగానే వాటిలో ఒక రకం తెరుచుకుని, నాడిలో సంకేతం పుడుతుంది. దీన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. ఆ సంకేతం వెన్నుపామును చేరగానే అక్కడి నుంచే కండరాలకు ఆజ్ఞ వెళ్తుంది. మంట సంగతి మెదడు తేల్చుకునేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. బడిలో అసంకల్పిత ప్రతీకార చర్య అని చదువుకున్నది ఇదే. కాల్లో ముల్లు దిగినప్పుడైతే ఇంకా ఆశ్చర్యం. ఆ కాలు పైకి లేస్తుంటే, మనం పడిపోకుండా రెండో కాలు తనంతట తాను బిగిసి ఒంటి బరువంతా మోస్తుంది. ‘నేను చేశాను’ అనుకునే నేను అందులో ఎక్కడా లేను. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు స్వామికి దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది.

చన్నీళ్లలో దిగితే మొదట ఒళ్లు జిల్లుమంటుంది, కాసేపటికి అలవాటవుతుంది. నీళ్లు వేడెక్కలేదు, చలి గ్రాహకాలు పంపే సంకేతాలే తగ్గాయి. శ్లోకంలోని రాకపోకలు ఇక్కడ ఒంటికే తెలుస్తాయి. నొప్పి గ్రాహకాలు మాత్రం అంత తేలిగ్గా సర్దుకోవు. వాచిన చోట మరింత చురుగ్గా మారి, బట్ట తగిలినా సలుపుతాయి. నొప్పి ఉండదని స్వామి చెప్పలేదు, ఓర్చుకో అన్నాడు.

ఆ ఓర్పు ఎలా ఉంటుందో చూడాలంటే, కాగుతున్న గిన్నెను దించుతున్న తల్లిని చూడండి. చేతిలో గుడ్డ జారి వేళ్లు కాలుతున్నాయి. కింద పసిబిడ్డ. వదిలెయ్యమని వెన్నుపాము తొందరపెడుతుంటే, వద్దని మెదడు నుంచి కిందికి ఆజ్ఞ వెళ్తుంది. మంట ఏమాత్రం తగ్గకపోయినా, గిన్నెను పక్కన పెట్టేదాకా ఆమె వేళ్లు విడవవు. నా మట్టుకు తితిక్ష, అంటే శ్లోకం చెప్పిన ఓర్పు, అదే. ఎవరైనా ఒక మాట అంటే మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది. అంతవరకూ శరీరం పని. నాలుక కదపాలా వద్దా అన్నది మన చేతిలో ఉంది.

ఇంకొక్క మాట. పుట్టుకతోనే నొప్పి తెలియనివాళ్లు కొందరు ఉంటారు. ఎముక విరిగినా తెలియక దానిమీదే నడిచేస్తారు, నాలుక తెగేలా కొరుక్కుంటారు. నొప్పి కూడా భగవంతుడు పెట్టిన కాపలాయే. కాబట్టి ఛాతీలో నొప్పి వస్తే తితిక్ష అంటూ పళ్లు బిగబట్టకండి, వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. చెయ్యాల్సిన వైద్యమంతా చేయించుకున్నాక కూడా కొంత బాధ మిగులుతుంది చూడండి, ఈ శ్లోకం పట్టుకోవాల్సింది అప్పుడు.