978 దగ్గర ఏడు నెలలు ఆగిపోయిన నా డిటెక్టివ్ నవల

నిన్న రాత్రి ఆఖరి ప్రూఫు దిద్ది పంపేశాను. నవలకి మొత్తం 22 నెలలు పట్టింది. అందులో 7 నెలలు ఒక్క క్లూ తినేసింది. ఆ బాధ చల్లారకముందే ఇది రాసేయాలనిపించింది.

నవల కోజీ మిస్టరీ. చిన్న ఊళ్లో పాత పుస్తకాల షాపు నడిపే ఆవిడ ఒక హత్య వెనకున్న మనిషిని పట్టుకుంటుంది. రక్తం కనపడదు, ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. ఊరి మ్యాప్ గీయడం, అనుమానితుల్ని ఐదుగురికి తేవడం, ఆ రోజు ఎవరు ఏ గంటకి ఎక్కడున్నారో పట్టిక వేయడం వారంలో అయిపోయాయి. మొదటి చిత్తుప్రతి ఐదు నెలల్లో వచ్చింది.

ఇలాంటి నవలలు చాలా చదివాను. చాలావాటిలో షాపు ఒక అలంకారమే. నాయికని టైలర్‌గా మార్చినా కథ అలాగే నడిచిపోతుంది. నాకది మోసంలా అనిపించేది. పోలీసులకున్న అధికారం ఆమెకి లేదు, ఎవరి ఫోన్ రికార్డులూ అడగలేదు. రోజూ పుస్తకాలు తిరగేసే చేతులు, ఎవరేం కొన్నారో మర్చిపోని బుర్ర, ఇవే ఆమె బలం. కాబట్టి హంతకుడు పుస్తకంలోనే దొరకాలని గట్టిగా అనుకున్నాను.

కథలో ఒక పేరున్న రచయిత 2003లో చనిపోతాడు. తన రాతప్రతులన్నీ ఫలానా మనిషికే చెందాలని ఆయన 1998లో తన పుస్తకం మొదటి పేజీలోనే రాసి, సంతకం చేసి, తేదీ వేసిచ్చాడని ఆ మనిషి చూపిస్తాడు. అది దొంగ సంతకమని కనిపెట్టిన వ్యక్తి హత్యకి గురవుతాడు. నా నాయిక పుస్తకం వెనక్కి తిప్పి, బార్‌కోడ్ కింద 978తో మొదలయ్యే 13 అంకెలు చూసి, "13 అంకెల ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నెంబరు, 2007లో వచ్చింది. అంతకుముందు 10 అంకెలే. 1998లో ఈ పుస్తకం అచ్చే కాలేదు" అంటుంది. ఆ సీను రాసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

నలుగురు స్నేహితులకిచ్చాను. నలుగురూ అద్భుతమన్నారు. డబ్బు తీసుకుని రాతప్రతులు పరిశీలించే ఒక సంస్థకి కూడా పంపాను. ఆరు వారాల తర్వాత రెండు లైన్ల జవాబు వచ్చింది: భాష సరళంగా ఉంది, ముగింపు నమ్మేలా ఉంది. ఆ ముగింపే తప్పు! చదివారో లేదో ఇప్పటికీ నాకు అనుమానమే. ఇలాంటివాళ్లు పాత రిపోర్టు ఒకటి చూపించకుండా పైసా కట్టకండి.

తర్వాత, చాలా ఏళ్లు పుస్తకాలమ్మి రిటైరైన ఒక పెద్దాయనకి ఇచ్చాను. వారానికి పిలిచారు. వెళ్లేసరికి ఇంకో ఇద్దరున్నారు. ఆయన ఏమీ అనకుండా అల్మారాలోంచి 1994లో అచ్చయిన పుస్తకం తీసి వెనక అట్ట నా ముందు పెట్టారు. బార్‌కోడ్ కింద 978. ఇంకోటి తీశారు, 1997ది. అందులోనూ 978. "అమ్మా, మీ హీరోయిన్ ఒక్కరోజైనా కౌంటర్ దగ్గర నిలబడిందా?" అన్నారు. ఆ ఇద్దరూ నావైపే చూస్తున్నారు. నాకు నోట మాట రాలేదు.

కాసేపటికి ఆయనే కూర్చోబెట్టి చెప్పారు. షాపుల్లో స్కాన్ చేసే ఆ బార్‌కోడ్‌కి 13 అంకెలు కావాలి. మామూలు వస్తువుల మీద మొదటి అంకెలు ఏ దేశంలో రిజిస్టరైన కోడో చెబుతాయి. పుస్తకాలకి మాత్రం 1980లలోనే 'బుక్‌ల్యాండ్' అని లేని దేశాన్ని ఒకదాన్ని సృష్టించి 978 ఇచ్చారు. అంటే 2007కి ముందే వెనక అట్ట మీద 13 అంకెలుండేవి, లోపల కాపీరైట్ పేజీలో మాత్రం 10 అంకెల ఐఎస్‌బీఎన్ ఉండేది. ఆఖరి అంకె ముందున్న అంకెల్లోంచి లెక్కగట్టి వేసేది, నెంబరు తప్పు పడిందేమో చూడటానికి. ఆ రెండింటిలో అది కూడా మామూలుగా కలవదు, ఎందుకంటే లెక్క వేరు. పదంకెల దాంట్లో 11తో భాగిస్తారు, అందుకే కొన్నిటికి చివర పదికి బదులు ఎక్స్ వస్తుంది. పదమూడంకెల దాంట్లో అంకెల్ని ఒకటితో, మూడుతో మార్చి మార్చి హెచ్చవేసి, కూడి, 10తో భాగించి చూస్తారు.

ఇంటికొచ్చాక నెలన్నర ఫైలు తెరవలేదు. సిగ్గు కన్నా భయం ఎక్కువ. ఒక్క మనిషి ఒక్క పుస్తకం తిప్పితే కూలిపోయే నవల రాశాను. ఆ పుస్తకాలు మా ఇంట్లోనూ ఉన్నాయి. లేచి చూడలేదు, అంతే.

సరిచేయడానికి ఇంకో ఐదున్నర నెలలు పట్టింది. ఇప్పుడు దొంగ సంతకం చేసినవాడు కొన్నది తర్వాతి రీప్రింట్. అట్ట అదే, కాపీరైట్ పేజీలో మొదటి ముద్రణ సంవత్సరం ఒక్కటే ఉంది. అది చూసి ధైర్యపడ్డాడు. కానీ అదే పేజీలో ఐఎస్‌బీఎన్ 13 అంకెలది. 2007 మార్పుకి కాస్త ముందు కొందరు ప్రచురణకర్తలు రెండు నెంబర్లూ వేసేవారని పెద్దాయన గుర్తుచేశారు. పర్లేదు, ఎలా చూసినా రచయిత పోయాకే.

పాఠకుడికి అన్యాయం చేయకూడదన్నది రెండో పని. డిటెక్టివ్ చూసిన క్లూ వెంటనే పాఠకుడికీ చూపించాలని ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో రాసిన పది నియమాల్లో ఉంది. నేను ఆఖరి అధ్యాయం దాకా దాచాను. ఇప్పుడు నాలుగో అధ్యాయంలో నాయిక పాత పుస్తకాలు రిజిస్టర్‌లో ఎక్కిస్తూ, పనికి చేరిన కుర్రాడికి పదంకెలవీ పదమూడంకెలవీ విడదీయడం నేర్పిస్తుంది. తొమ్మిదో అధ్యాయంలో ఆ దొంగ పుస్తకం నెంబరు పూర్తిగా అచ్చులో ఉంటుంది, కావాలంటే లెక్కపెట్టుకోవచ్చు. ఆ నెంబరుకి ఆఖరి అంకె సరిపెట్టడానికే నాకో సాయంత్రం పట్టింది. తప్పుంటే అదే క్లూ అనుకునేవాళ్లుంటారు. కొత్తగా చదివిన ఆరుగురిలో హంతకుణ్ణి పట్టుకున్నది ఒక్కరే, ఆవిడ కూడా అంకెలు లెక్కపెట్టే పట్టుకుంది. ఇది గర్వంగానే చెబుతున్నాను.

నా పాత తప్పుని మాత్రం తీసేయలేదు. ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చాను. ఆయన వెనక అట్ట మీది 978 చూపించి కేసు తేలిపోయిందంటాడు. నాయిక ఏమీ అనకుండా అల్మారాలోంచి 1994 పుస్తకం తీసి ఆయన ముందు పెడుతుంది.

ఇలాంటి నవల రాయాలనుకునేవాళ్లు ఆ వృత్తిలో బతికిన మనిషిని మొదటి చిత్తుప్రతికి ముందే పట్టుకోండి, తర్వాత కాదు. మెచ్చుకునే స్నేహితులు చివర్లో చదివినా నష్టం లేదు.

పెద్దాయనకి నవల అంకితం ఇస్తానన్నాను. వద్దన్నారు. పుస్తకం రాగానే ఒక కాపీ పంపమన్నారు, ముందు కాపీరైట్ పేజీ చూస్తారట.