నాలుగున్నర పౌండ్లు

ఎఫ్‌ఆర్‌సీ అంటే హైస్కూల్ పిల్లల టీములు రోబోలు కట్టి పోటీపడే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్. 2024 సీజన్‌లో అందులో రోబో బరువు 125 పౌండ్లు దాటకూడదని రూలు ఉండేది. అంటే దాదాపు 56.7 కిలోలు. బ్యాటరీ, బంపర్లు ఆ లెక్కలోకి రావు. ఇక్కడ టెక్సాస్‌లో మా అమ్మాయి టీమ్‌కి నేను మెంటర్‌ని. పోటీకి పది రోజుల ముందు తూచితే 129.4 వచ్చింది. పిల్లల ముఖాలు చూడలేకపోయాను.

ఒకబ్బాయి వెంటనే డ్రిల్ తీసి, కింది ఫ్రేమ్‌కి చిల్లులు పెడదామన్నాడు. వద్దన్నాను. కింద బరువుంటేనే రోబో మలుపులో పల్టీ కొట్టకుండా నిలబడుతుంది. తగ్గించాల్సింది పైన. చిల్లులతో పోయేదీ చాలా తక్కువే.

ఇండియా ప్రయాణాలకి సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు ఇంట్లో ఉంది కదా, దాన్ని పట్టుకెళ్ళాను. పై భాగాలన్నీ విప్పి ఒక్కొక్కటీ తగిలించి, అంకెలు బోర్డు మీద రాశాం. అసలు దొంగ దొరికింది. పై ఫ్రేమ్‌లో ఎనిమిది అడుగుల అల్యూమినియం ట్యూబ్, రెండంగుళాల వెడల్పు, ఒక అంగుళం ఎత్తు, గోడ మందం 1/8 అంగుళం. అడుగుకి 0.8 పౌండ్ల పైనే. 1/16 అంగుళం మందం ట్యూబ్ అయితే అందులో దాదాపు సగమే. అది మారిస్తే మూడు పౌండ్లు పోయాయి. రెండు చదరపు అడుగుల పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) పలకని పావు అంగుళం నుంచి సగానికి తగ్గిస్తే ఇంకో ఒకటిన్నర.

బ్యాటరీ వైరు కూడా సన్నది వేద్దామా అన్నారు. వైరు మందం కొలిచే గేజ్‌లో ఆరో నంబరు కంటే సన్నది రూల్స్ ఒప్పుకోవు, అది భద్రత విషయం.

రాత్రి పదకొండింటికి మళ్ళీ తూచాం. "నాన్నా, 124.8!" అని అరిచింది మా అమ్మాయి.