వేడెక్కితే 16 ఓంలు 32 అయ్యే 4×12 క్యాబినెట్

50 వాట్ల ఇఎల్34 హెడ్‌ను (ఇఎల్34 వాల్వ్‌లతో నడిచే, సొంత స్పీకర్ లేని గిటార్ ఆంప్) ఈ 4×12 క్యాబినెట్‌తో (12 అంగుళాల స్పీకర్లు నాలుగున్న పెట్టె) జత చేసే పని ఇన్నాళ్లూ ఎందుకు ఆగిపోయిందో ఎట్టకేలకు తేలింది. నాలుగు స్పీకర్లలో కింద ఎడమవైపున ఉన్నదే దొంగ. చల్లగా ఉన్నంతసేపు అది బుద్ధిగా పనిచేస్తుంది, వేడెక్కగానే లోపల ఎక్కడో తెగుతుంది, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది. అందుకే బల్లమీద పెట్టి కొలిచినప్పుడల్లా అన్నీ సవ్యంగానే కనిపించాయి.

ఇందులోవి 16 ఓంల, 30 వాట్ల స్పీకర్లు. రెండేసి చొప్పున శ్రేణిలో కలిపి, ఆ రెండు జతలను సమాంతరంగా కలపడం వల్ల మొత్తం మళ్లీ 16 ఓంలే వస్తుంది. మీటరు తీగల నిరోధం 0.2 ఓం తీసివేస్తే, చల్లగా ఉన్నప్పుడు జాక్ దగ్గర 13.1 ఓంలు వచ్చింది. 16 ఓంల క్యాబినెట్‌కు మీటరు చూపే డీసీ నిరోధం పేరులోని అంకెకన్నా తక్కువగా, అంతే ఉండాలి. గట్టిగా అరగంట వాయించి, ఆంప్ ఆపి, కేబుల్ తీసి వెంటనే కొలిస్తే మాత్రం 28.3 వచ్చింది. ఆ అంకె నెమ్మదిగా దిగుతూ 26.4 దాకా వచ్చి, చూస్తుండగానే ఒక్కసారిగా 13.2కు పడిపోయింది. మెల్లగా దిగడానికి కారణం రాగి: దాని నిరోధం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 0.39 శాతం మారుతుంది కనుక, ఆ తేడా స్పీకర్‌లోని రాగి తీగచుట్ట (కాయిల్) సుమారు 20 డిగ్రీలు చల్లారిందని చెబుతుంది. ఒక్కసారిగా పడిపోవడానికి మాత్రం వేడి చాలదు. తెగిపోయిన జత తిరిగి కలిస్తేనే అలా జరుగుతుంది.

ట్రాన్సిస్టర్ ఆంప్ అయితే దీన్ని ఇంత పట్టించుకోనక్కరలేదు, ఎందుకంటే దానికి లోడ్ కనీస ఓంలకు దిగువన పడకుండా ఉంటే చాలు. వాల్వ్ హెడ్ సంగతి వేరు. 16 ఓంల ట్యాప్‌పై (హెడ్‌లో 16 ఓంల క్యాబినెట్ కోసం ఉన్న అవుట్‌పుట్) 32 ఓంలు పడితే వాల్వ్‌లకు కనిపించే లోడ్ రెట్టింపవుతుంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో వోల్టేజీ శిఖరాలు పెరుగుతాయి, ఇఎల్34ల స్క్రీన్ గ్రిడ్‌లపై భారం పెరుగుతుంది. పైగా 120 వాట్లు మోయవలసిన క్యాబినెట్‌లో 60 వాట్ల జత ఒక్కటే మిగులుతుంది, 50 వాట్ల హెడ్ బాగా డిస్టార్షన్‌లోకి వెళ్తే 50 దాటి ఇస్తుంది. ట్యాప్ ఒక మెట్టు అటూ ఇటూ అయినా ఫరవాలేదని చాలామంది అంటారు. మారకుండా ఉండే లోడ్ విషయంలో నేనూ దాన్ని ఒప్పుకుంటాను గానీ, వాయిస్తుండగా మారిపోయే లోడ్‌కు ఆ మాట వర్తించదు. రెండో జతలో కూడా ఒకటి తెగితే హెడ్‌కు అసలు లోడే ఉండదు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది అప్పుడే. అందుకే ఈ పరీక్షలన్నీ ట్రాన్సిస్టర్ ఆంప్‌తోనే చేశాను.

మొదట అనుమానం మోనో-స్టీరియో జాక్ ప్లేట్ (క్యాబినెట్‌కు కేబుల్ గుచ్చే పలక) మీదకు పోయింది. దాన్ని తప్పించి నేరుగా తీగలు కలిపినా మార్పు లేదు. తొడుగు టెర్మినళ్లను తీసేసి తీగలను సోల్డర్ చేసినా మార్పు లేదు. కోన్‌లను వేళ్లతో సమంగా లోపలికి నొక్కి చూశాను. కదులుతున్న కాయిల్ తానే వోల్టేజీ పుట్టిస్తుంది కాబట్టి ఆ క్షణంలో మీటరు అంకెలు గంతులేస్తాయి, వాటిని నమ్మకూడదు. నొక్కి పట్టుకుని అంకె నిలిచాక చూస్తే, నాలుగింటిలో ఏది నొక్కినా జాక్ దగ్గర 12.9 నుంచి 13.1 మధ్యే ఉంది.

చివరికి ప్రతి స్పీకర్ టెర్మినళ్ల నుంచి సన్నని తీగలు బయటికి లాగి, వెనుక పలక బిగించి వాయించాను. నాలుగూ ఒకే వలయంలో ఉన్నాయి కనుక, అన్నీ బాగున్నప్పుడు ఏ స్పీకర్‌పై కొలిచినా 13కు సమాంతరంగా 39 ఉన్నట్టు లెక్క, అంటే 9.75. ఒకటి తెగితే దానిపై మిగతా మూడింటి మొత్తం, అంటే 39, కనిపించాలి. మిగతా ప్రతిదానిపై దాని సొంత 13 కనిపించాలి. వేడి మీద కింద ఎడమదానిపై 42 వచ్చింది, మిగతా మూడింటిపై 14 చొప్పున వచ్చింది. ఇక సందేహానికి తావు లేదు.

ఆ స్పీకర్‌లో ఎక్కడ తెగుతోందన్నది ఇంకా ఊహే. టెర్మినల్ నుంచి కోన్‌కు వెళ్లే అల్లిక తీగలను చల్లగా ఉన్నప్పుడు ఎంత కదిపినా అంకె చెదరలేదు. కాబట్టి ఆ తీగ కాయిల్‌ను కలిసే చోట, జిగురు కింద ఉన్న అతుకే వ్యాకోచంతో విడిపోతోందని నా అంచనా. అక్కడ మళ్లీ సోల్డర్ చేయవచ్చు, కానీ అలా అతికించిన స్పీకర్‌ను నమ్మి వాల్వ్ హెడ్ తగిలించను.

హెడ్‌ను క్యాబినెట్‌కు కలిపే కేబుల్ పని మాత్రం చక్కగా ముగిసింది: షీల్డ్ లేని రెండు తీగల 14 గేజ్ కేబుల్, న్యూట్రిక్ ప్లగ్‌లు.

కొత్త స్పీకర్ కచ్చితంగా 16 ఓంలదే కావాలి. సులువుగా దొరుకుతుందని 8 ఓంలది పెడితే మొత్తం 13.7 ఓంలై పైకి బాగానే కనిపిస్తుంది, కానీ దానితో శ్రేణిలో ఉన్న 16 ఓంల స్పీకర్ ఒక్కటే మొత్తం శక్తిలో 38 శాతం మోయవలసి వస్తుంది. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ స్వరం నాకు ఎక్కువ ఇష్టమే అయినా దాని సామర్థ్యం 25 వాట్లే, ఈ హెడ్‌తో అంచుమీద నడిచినట్టే ఉంటుంది. వింటేజ్ 30 పై మధ్యస్వరాల్లో కాస్త కరుకు, కానీ 60 వాట్లు మోస్తుంది. పాత వాటి మధ్య కొత్తది ఒక్కటే బిగ్గరగా వినిపించకుండా, కింది రెండింటినీ వింటేజ్ 30లుగా మార్చి, పైన ఉన్న పాత జతను అలాగే ఉంచాలనుకుంటున్నాను. ఆ తర్వాత ఇదే అరగంట పరీక్ష ట్రాన్సిస్టర్ ఆంప్‌తో చేసి, వేడి మీద జాక్ దగ్గర 14 ఓంల చుట్టుపక్కల అంకె నిలిస్తేనే 16 ట్యాప్‌లో హెడ్ పెడతాను.